స్టెరాయిడ్ రాశారా? కంగారు పడకండి

సందేహాలు – సమాధానాలు శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు స్టెరాయిడ్ల చుట్టూనే తిరిగాయి. కొవిడ్, డెంగీ, మామూలు వానాకాలపు జ్వరం... జబ్బు ఏదైనా దిగులు మాత్రం ఒకటే. ఊపిరితిత్తుల నిపుణుడి జవాబులు ఇవి.

మా నాన్నగారికి 64 ఏళ్లు. కొవిడ్ వచ్చిన తొమ్మిదో రోజున ఆయాసం మొదలైతే ఆసుపత్రిలో చేర్చాం. ఆక్సిజన్ పెట్టి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆ పేరు వినగానే మా మేనమామ ‘స్టెరాయిడ్ దాకా వచ్చిందంటే ఇక ఆశ లేనట్టే’ అన్నారు. అప్పటి నుంచి అమ్మ అన్నం ముట్టడం లేదు. నిజంగా అంత ప్రమాదమా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

ముందు అమ్మగారిని భోజనం చేయమనండమ్మా. ఆశలు వదులుకున్నాక ఇచ్చే మందు కాదిది. ఆక్సిజన్ అవసరమైన ప్రతి కొవిడ్ రోగికీ మొదట్లోనే ఇవ్వాల్సిన మందు. జబ్బు మొదటి వారంలో వైరస్ జోరు ఎక్కువ. రెండో వారానికి అది తగ్గుముఖం పడుతుంది గానీ, దాని మీదకి లేచిన మన రోగనిరోధక శక్తి కొందరిలో ఆగదు. దొంగ గోడ దూకి పారిపోయాక కూడా ఊరి జనం కర్రలతో ఇంట్లో జొరబడి తలుపులూ సామాన్లూ పగలగొట్టినట్టు, ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్ని వాపుతో, నీటితో నింపేస్తుంది. డెక్సామెథసోన్ వైరస్‌ని చంపదు, ఈ రభసను అణుస్తుంది.

బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ‘రికవరీ’ పరీక్షల్లో 2020 జూన్‌లో ఈ సంగతి తేలింది. రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున, మహా అయితే 10 రోజులు ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో నెలలోపు మరణాలు నూటికి 41 నుంచి 29కి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26 నుంచి 23కి తగ్గాయి. అప్పటికి కొవిడ్‌లో ప్రాణం నిలుపుతుందని రుజువైన మొదటి మందు ఇదే, అదీ చాలా చవకైన మందు. ఇక మందు పేరు పక్కన పెట్టి, ‘నిన్నటి మీద ఆక్సిజన్ ఎన్ని లీటర్లు తగ్గించారు?’ అని రోజూ డాక్టరును అడుగుతూ ఉండండి. అది తగ్గుతోందంటే నాన్నగారు గట్టెక్కుతున్నట్టే.

జిమ్‌లో కండలు పెంచడానికి వాడేవీ ఇవేనా? మా అబ్బాయి భయపడుతున్నాడు. – ఒక తండ్రి, విజయవాడ

కాదండీ, పేరొక్కటే కలిసింది. కండలకు వాడేవి మగ హార్మోను జాతివి. డాక్టర్లు రాసేది, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రోజూ తెల్లవారుజామున ఎక్కువగా తయారు చేసే కార్టిసాల్‌కు దగ్గరి చుట్టం. నిజానికి మోతాదు ఎక్కువై ఎక్కువ రోజులు వాడితే ఇది కండల్ని కరిగిస్తుంది కూడా.

మా తమ్ముడికి జ్వరం మొదలై రెండు రోజులు. కొవిడ్ పాజిటివ్. వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 98 ఉంది. డాక్టరు పారాసిటమాల్ తప్ప ఏమీ రాయలేదు. మా ఎదురింటాయనకు స్టెరాయిడ్‌తోనే తగ్గిందట. మేమూ అడిగి రాయించుకోవాలా? ఆలస్యం చేస్తున్నామేమోనని నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకుడు, ఏలూరు

ఆలస్యమేమీ కాలేదు, మీ డాక్టరు చేసింది సరైన పనే. మొదటి రోజుల్లో వైరస్‌తో పోరాడాల్సింది మీ తమ్ముడి ఒంట్లోని రోగనిరోధక శక్తే. అప్పుడే స్టెరాయిడ్ ఇస్తే దాని చేతులు కట్టేసినట్టవుతుంది. పైన చెప్పిన పరీక్షల్లోనే, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఈ మందు ఏ మేలూ చేయలేదు. పైగా ఇచ్చినవాళ్లలో మరణాలు నూటికి 18 దాకా, ఇవ్వనివాళ్లలో 14 ఉన్నాయి. తేల్చి చెప్పేంత తేడా కాకపోయినా, ఆశపెట్టే అంకెలైతే కావు. అందుకే జబ్బు ముదరనివాళ్లకు స్టెరాయిడ్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సెప్టెంబరులోనే చెప్పింది.

పూటకోసారి ఆక్సిజన్ చూడండి. గదిలో ఆరు నిమిషాలు నడిపించి కూడా చూడండి. 94 కంటే తగ్గినా, నడిచాక బాగా పడిపోయినా, ఒక వాక్యం పూర్తి చేయడానికి ఆయాసపడుతున్నా, అప్పుడు ఆసుపత్రికి బయల్దేరండి. అయిదో రోజు నుంచి పదో రోజు దాకా ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

జ్వరం వస్తే మా ఊళ్లె ఆర్ఎంపీ ఒక సూది వేస్తడు. సాయంత్రానికల్లా జ్వరం పోతది, ఆకలైతది. మొన్న నా కొడుక్కు కూడా వేయించిన. అది డెక్సా అని, మంచిది కాదని మా బిడ్డ అంటున్నది. బాబుకు ఏమన్నా అయితదా? – ఒక తల్లి, నిజామాబాద్ జిల్లా

ఒక్క సూదితో బాబుకు సాధారణంగా ఏమీ కాదు తల్లీ, గుబులు పెట్టుకోకండి. కానీ మీ బిడ్డ చెప్పింది నిజం. ఆ సూది జ్వరాన్ని తగ్గించినట్టు కనిపిస్తుంది, ఆకలి పుట్టిస్తుంది, ఒళ్లు నొప్పులు పోగొడుతుంది. లోపల జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది డెంగీయో, టైఫాయిడో, న్యుమోనియానో తెలిపే గుర్తులు రెండు రోజులు మరుగున పడిపోతాయి. ఆ రెండు రోజులే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తాయి. స్టెరాయిడ్ అంటే భయపడేవాళ్ల కంటే, అడిగి మరీ పొడిపించుకునేవాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు.

వచ్చేసారి ‘ఏం సూది?’ అని అడగండి, సీసా మీద పేరు చూడండి. ఇప్పుడు బాబుకు జ్వరం తిరగబెట్టినా, మూడు రోజులు దాటినా, వాంతులూ మగతా ఉన్నా పీహెచ్‌సీకి తీసుకెళ్లి, ఈ సూది వేసిన సంగతి దాచకుండా చెప్పండి.

నాకు షుగర్ లేదు. కొవిడ్ న్యుమోనియాకు స్టెరాయిడ్ మొదలుపెట్టిన మూడో రోజున సాయంత్రం చూస్తే 318! పొద్దున పరగడుపున 124 ఉంటోంది. ఇన్సులిన్ ఇస్తున్నారు. ఇక జీవితాంతం సూదులేనా? – ఒక గృహిణి, గుంటూరు

ఆ అంకె చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు ఇది మేం ఎదురుచూసే మార్పే. ఈ మందు కాలేయం చేత చక్కెరను ఎక్కువగా రక్తంలోకి వదిలిస్తుంది, కండరాలను ఇన్సులిన్ మాట విననివ్వదు. పొద్దున మందు తీసుకుంటే దాని ప్రభావం మధ్యాహ్నం భోజనం తర్వాత, సాయంత్రం బాగా కనిపిస్తుంది. పరగడుపున మాత్రమే చూసి ‘నార్మలే’ అనుకుని మోసపోయేవాళ్లు ఎందరో. మీకు సాయంత్రం చూశారంటే మంచి చేతుల్లోనే ఉన్నారు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ కూడా తన వంతు చక్కెర పెంచుతుంది.

చాలామందిలో స్టెరాయిడ్ ఆపిన కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో చక్కెర దిగివస్తుంది. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ఒకసారి చేయించుకోండి. అది గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి, ఇప్పుడే ఎక్కువగా ఉంటే మీకు తెలియకుండానే ముందునుంచీ షుగర్ ఉన్నట్టు. ఇంకో మాట చాలామంది మరిచిపోతారు. స్టెరాయిడ్ తగ్గిస్తున్నప్పుడు ఇన్సులిన్ కూడా తగ్గించాలి. పాత మోతాదే పొడుచుకుంటూ పోతే చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. ఇంటికి వెళ్లేరోజు ఈ లెక్క కాగితం మీద రాయించుకోండి. చక్కెర 300 దాటే ఉంటూ వాంతులు, విపరీతమైన దాహం, మగత వస్తే తెల్లారేదాకా ఆగకండి.

మా ఆయన నెమ్మదస్తులు. ఆసుపత్రి నుంచి స్టెరాయిడ్ మాత్రలతో ఇంటికి వచ్చారు. రాత్రి రెండింటికి లేచి బీరువా సర్దుతున్నారు, ఆగకుండా మాట్లాడుతున్నారు, చిన్నదానికీ కసురుకుంటున్నారు. మతి చలించిందా అని భయంగా ఉంది. – ఒక పాఠకురాలు, కర్నూలు

మతి చలించలేదమ్మా, మందు మెదడును నిద్రపోనివ్వడం లేదు. స్టెరాయిడ్ పడ్డవాళ్లలో నిద్రలేమి, హుషారు, చిరాకు, లేడికి లేచిందే పరుగన్నట్టు పనులు మొదలుపెట్టడం మామూలే. కొందరికి ఎక్కిళ్లు కూడా పట్టుకుంటాయి. మాత్ర రాత్రిపూట వేస్తుంటే, డాక్టరును అడిగి పొద్దున టిఫిన్ తర్వాతకు మార్పించండి. చాలా ఇళ్లలో ఆ ఒక్క మార్పుతోనే రాత్రులు కుదుటపడతాయి. లేనివి కనిపిస్తున్నాయన్నా, ఎవరో చంపడానికి వస్తున్నారన్నా, చచ్చిపోతానన్నా అదేరోజు డాక్టరుకు చెప్పండి. మాటలు తడబడుతూ మగతగా ఉంటే ముందు ఆక్సిజన్, చక్కెర చూడండి.

అమ్మ హైదరాబాద్‌లో ఐసీయూలో ఉంది. చెల్లి రిపోర్టులు వాట్సాప్‌లో పంపుతోంది. తెల్ల కణాలు 9,000 నుంచి 17,500 అయ్యాయి. కొత్త ఇన్‌ఫెక్షన్ వచ్చిందా? ఇక్కడ నుంచి ఏం చేయాలో తెలియడం లేదు. – ఒక పాఠకుడు, డాలస్

దూరంలో ఉండి అంకెలు మాత్రమే చూస్తే భయం రెట్టింపవుతుంది, అర్థం చేసుకోగలను. మామూలుగా కొంత భాగం తెల్ల కణాలు రక్తనాళాల గోడలకు అంటుకుని ఉంటాయి. స్టెరాయిడ్ పడగానే అవి గోడ విడిచి రక్తంలోకి వచ్చేస్తాయి, లెక్కలో పడతాయి. కాబట్టి జ్వరం లేకుండా, ఆక్సిజన్ అవసరం పెరగకుండా, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ తగ్గుతూ ఉంటే ఈ 17,500 మందు వేసిన లెక్కే అయి ఉండవచ్చు. సీఆర్‌పీ తగ్గి మళ్లీ పెరిగినా, కఫం రంగు మారినా, బీపీ పడిపోయినా అప్పుడు డాక్టర్లు కొత్త ఇన్‌ఫెక్షన్ కోసం వెతుకుతారు. స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పిపుచ్చగలదు కాబట్టి ఐసీయూలో ఆ కన్ను ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చెల్లిని రిపోర్టు ఫొటోలతో పాటు ‘ఈరోజు అమ్మ నాతో ఏం మాట్లాడింది’ అన్నది కూడా పంపమనండి.

వరి పొలంలో చెప్పుల్లేకుండా తిరిగేవాణ్ణి. స్టెరాయిడ్‌తో పాటు నాకు పురుగుల మాత్ర కూడా ఇచ్చారు. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటే కడుపుకి మందెందుకండీ? – ఒక రైతు, కోనసీమ

మీ డాక్టరు బాగా ఆలోచించి ఇచ్చారండీ. తడి మట్టిలో ఉండే స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు అరికాలి చర్మం గుండా ఒంట్లోకి చేరి, పేగుల్లో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండిపోతుంది. స్టెరాయిడ్ వల్ల కాపలా సడలితే అది విపరీతంగా పెరిగి ఒళ్లంతా పాకవచ్చు. అరుదే గానీ వస్తే చాలా ప్రమాదం. ఒకటి రెండు ఐవర్‌మెక్టిన్ మాత్రలతో ఆ భయం తీరిపోతుంది. గతంలో టీబీ గానీ, హెపటైటిస్-బి గానీ ఉండి ఉంటే అదీ డాక్టరు చెవిన వేయండి, అవీ ఇలాగే నిద్ర లేస్తాయి.

2021లో మా బావగారు బ్లాక్ ఫంగస్‌తో కన్ను పోగొట్టుకున్నారు. ఇప్పుడు మా అత్తయ్యకు స్టెరాయిడ్ ఇస్తున్నారు. ఆవిడకు షుగర్ ఉంది. రోజూ టార్చిలైటు వేసి ముక్కులో చూస్తున్నాను. – ఒక కోడలు, మహబూబ్‌నగర్

ఇంట్లో అంత చూశాక భయపడకుండా ఎలా ఉంటారు? అత్తయ్యగారి అదృష్టం, మీలాంటి కోడలు ఉంది. ఆ ఏడాది మే నెలలో తెలంగాణలో మ్యూకర్‌మైకోసిస్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించి, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి కేంద్రంగా పెట్టాల్సి వచ్చింది. అదుపు తప్పిన షుగర్, అవసరం లేకపోయినా, మోతాదు మించి వాడిన స్టెరాయిడ్, ఈ రెండూ కలిసినచోట ఆ బూజుకు దారి దొరికింది. సరైన మోతాదులో కొద్ది రోజులు వాడి, చక్కెర అదుపులో ఉంచితే ఇది అరుదైన జబ్బే.

టార్చిలైటు పక్కన పెట్టి గ్లూకోమీటరు పట్టుకోండి, దానితో ఎక్కువ ఉపయోగం. ఒకవైపే ముఖం నొప్పి, తిమ్మిరి, వాపు. కన్ను ఉబ్బడం, ఒకటి రెండుగా కనిపించడం. ముక్కు నుంచి నల్లగా లేదా రక్తంతో కారడం. అంగిలి మీద నల్ల మచ్చ. ఉన్నట్టుండి పళ్లు కదలడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ పూటే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మామూలు జలుబు, రెండు ముక్కులూ దిబ్బడ వేయడం దీని లక్షణం కాదు.

పది రోజులు స్టెరాయిడ్ ఇచ్చి డిశ్చార్జి రోజున ఒక్కసారిగా ఆపేశారు. మెల్లగా తగ్గించకపోతే ప్రాణానికే ముప్పని పక్క మంచం వాళ్లు చెప్పారు. – ఒక పాఠకుడు, విజయనగరం

మీకు ముప్పేమీ లేదు. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే అడ్రినల్ గ్రంథులు పని మానేసి కూర్చుంటాయి, నిజమే. కానీ మూడు వారాల లోపు వాడితే చాలామందిలో అవి వెంటనే లేచి పనిలో పడతాయి. పక్క మంచం వారు అంతకంటే ఎక్కువ కాలం వాడి ఉంటారు, వాళ్ల విషయంలో ఆ మాట నిజం. ఆపాక రెండు మూడు రోజులు నీరసం, ఒళ్లు నొప్పులు ఉండొచ్చు. లేస్తే కళ్లు తిరిగి పడిపోతున్నా, వాంతులు ఆగకపోయినా చూపించుకోండి.

కీళ్లవాతానికి ఆరేళ్లుగా ప్రెడ్నిసొలోన్ వాడుతున్నాను. ఇప్పుడు వైరల్ జ్వరం. ‘రోగనిరోధక శక్తి తగ్గుతుంది, ఆ మాత్ర ఆపెయ్’ అంటున్నారు ఇంట్లో. – ఒక ఉపాధ్యాయురాలు, తిరుపతి

దయచేసి ఆపకండి. ఈ శీర్షికలో ఇంత గట్టిగా చెప్పాల్సిన మాట ఇదొక్కటే. మీ గ్రంథులు ఆరేళ్లుగా విశ్రాంతిలో ఉన్నాయి, జ్వరంలో ఒంటికి కావాల్సిన అదనపు కార్టిసాల్‌ను అవి ఇవ్వలేవు. ఇలాంటప్పుడు మోతాదు కొన్ని రోజులు పెంచడమే ఆనవాయితీ, ఎంత అన్నది మీ డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంట్లో ఉండొద్దు, ఆసుపత్రిలో హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు.

ఉబ్బసానికి పీల్చే మందులోనూ స్టెరాయిడ్ ఉందట. ఫ్లూ తగ్గేదాకా మానేయనా? – ఒక విద్యార్థిని, కాకినాడ

మానొద్దమ్మా, జ్వరంలోనే దాని అవసరం ఎక్కువ. అందులో ఉండేది మైక్రోగ్రాముల్లో, అదీ చాలావరకు ఊపిరితిత్తులకే పోతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి.

మా బాబుకు డెంగీ. ప్లేట్‌లెట్లు 48,000. స్టెరాయిడ్ ఇస్తే పెరుగుతాయని మెడికల్ షాపు అతను అంటున్నాడు, డాక్టరేమో ఒప్పుకోవడం లేదు. – ఒక తండ్రి, వరంగల్

డాక్టరు మాటే వినండి. డెంగీలో స్టెరాయిడ్ వల్ల మేలు జరుగుతుందని తేలలేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వాడమనడం లేదు. ఒక్క కొవిడ్‌లో పనికొచ్చిందని ప్రతి వైరస్‌కూ అది మందు కాదు. మామూలు ఫ్లూలోనూ ఉబ్బసం లాంటి వేరే కారణం ఉంటే తప్ప ఇవ్వరు. 48,000 చాలామంది డెంగీ పిల్లల్లో చూసే అంకె, రక్తం కారనంతవరకు అది దానంతటదే పైకి లేస్తుంది. డెంగీలో అసలు గండం జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులు. ప్లేట్‌లెట్ల కంటే బాబు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లాడో లెక్క పెట్టండి. తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మగత కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.

నాకు ఏడో నెల. కొవిడ్‌తో ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ కూడా ఇస్తున్నారు. కడుపులో బిడ్డకు? – ఒక కాబోయే తల్లి, అనంతపురం

బిడ్డకు ఇప్పుడు కావాల్సింది మీ ఊపిరి, దాన్ని నిలిపే మందు బిడ్డకు మేలే చేస్తుంది. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లనే ఎన్నో ఏళ్లుగా తల్లులకు ఇస్తున్నాం. ఆ అవసరం లేకపోతే, మాయ దగ్గరే చాలావరకు విరిగిపోయి బిడ్డను పెద్దగా చేరని ప్రెడ్నిసొలోన్‌కు మారుస్తారు. చక్కెర మాత్రం తరచూ చూడాలి. బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే వెంటనే చెప్పండి.

ఎనిమిది నెలల కిందట కొవిడ్‌కు చాలా రోజులు స్టెరాయిడ్ వాడారు. ఇప్పుడు గజ్జల్లో నొప్పి, కింద కూర్చుని లేవలేకపోతున్నాను. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. – ఒక ఆటో డ్రైవరు, ఒంగోలు

కండరాల బలహీనత కావచ్చు, అలాగైతే వ్యాయామంతో సర్దుకుంటుంది. కానీ మీ నొప్పి గజ్జల్లో ఉందన్నారు కాబట్టి ఒక విషయం తేల్చుకోవాలి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ వాడిన కొందరిలో, నెలల తర్వాత తుంటి కీలులోని ఎముక తలకు రక్తం అందక అది దెబ్బతింటుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు, ఎంఆర్‌ఐలో కనబడుతుంది. తొలిదశలో పట్టుకుంటే ఆపరేషన్ దాకా పోకుండా చూసే అవకాశం ఉంది. అందుకే ఎముకల డాక్టరుకు ఈ స్టెరాయిడ్ సంగతి చెప్పి ఎంఆర్‌ఐ అడగండి, అందాకా బరువులు ఎత్తకండి.

స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాను. విపరీతమైన ఆకలి. పథ్యం ఏమిటి? ఆవకాయ తినొచ్చా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ఆ ఆకలి మందుదే, మీది కాదు, సిగ్గుపడకండి. వంకాయ, గోంగూర మానాల్సిన పని లేదు, మాత్ర మాత్రం ఖాళీ కడుపున వేసుకోకండి. ఈ మందు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచి బీపీ పెంచుతుంది. కాబట్టి ఊరగాయ, అప్పడాలు, వడియాలు ఈ కొద్ది రోజులు తగ్గించండి. మరీ నోరు చప్పబడితే ఆవకాయ బద్ద వదిలేసి, అన్నంలో వేలి కొసంత పిండి కలుపుకోండి. కాళ్ల వాపు వచ్చినా, మలం తారులా నల్లగా అయినా ఆ ముద్ద కూడా ఆపి డాక్టరును కలవండి.